డ్రాఫ్ట్ లిస్టు పొడుగైతే రిక్రూటింగ్ పెరుగుతుందా, రిక్రూటింగ్ బాగుంది కాబట్టి లిస్టు పొడుగవుతుందా?

మూడోడౌన్

ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (వృత్తి ఫుట్‌బాల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ముగిసిందంటే చాలు, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పేజీలన్నిటిదీ ఒకటే పాట. మావాళ్లు ఇంతమంది వెళ్లారు, మొదటి రౌండ్‌లో ఇంతమంది, మీరూ రండి అని. ఏడు రౌండ్లు, 32 జట్లు, 250 పైచిలుకు పేర్లు. ఈ పోస్టర్లు చూసి పదిహేడేళ్ల కుర్రాడు నిజంగా కాలేజీ ఎంచుకుంటాడా?

నాకు కొరుకుడు పడనిది టెక్సస్ సంగతి. 2022 డ్రాఫ్ట్‌లో ఆ కాలేజీ నుంచి ఒక్కరంటే ఒక్కరు లేరు. రెండు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, 2023 బ్యాచ్ మొత్తంలో అందరూ వెంటపడుతున్న క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ ఆ టెక్సస్‌కే కమిట్ అయ్యాడు, అంటే వస్తానని మాటిచ్చాడు. ఇటు అయోవా చూస్తే టైట్ ఎండ్లను (అడ్డుకోవడం, పాస్ అందుకోవడం రెండూ చేసేవాళ్లు), అఫెన్సివ్ లైన్‌మెన్‌ను (ముందు వరసలో ప్రత్యర్థిని అడ్డుకునేవాళ్లు) వరసపెట్టి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పంపుతూనే ఉంది. రిక్రూటింగ్ ర్యాంకు మాత్రం మామూలుగా పాతికకు అవతలే.

మరి ఈ లిస్టు పనిచేస్తున్నట్టా, లేనట్టా? చేస్తే ఎవరి మీద? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

రెడ్‌షర్ట్

మీ టెక్సస్ ఉదాహరణలోనే సగం జవాబుంది. ముందు కాలం లెక్క సరిచేసుకోవాలి.

హైస్కూల్ వదిలి మూడేళ్లు నిండనిదే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి అర్హత లేదు. చాలామంది నాలుగో ఏడో ఐదో ఏడో వెళ్తారు. అంటే 2022 డ్రాఫ్ట్ చెప్పేది 2017, 2018, 2019లో సంతకాలు చేసిన బ్యాచ్‌ల గురించి. టెక్సస్ 2018, 2019 బ్యాచ్‌లు రెండూ దేశంలో మొదటి ఐదులో నిలిచినవే. అంత మంచి బ్యాచ్‌లు చేతిలో ఉండీ 2022లో సున్నా. ఆ సున్నా చూశాక కూడా మ్యానింగ్ వచ్చాడు. తర్వాత 2024లో 11 మంది, 2025లో 12 మంది డ్రాఫ్టయ్యారు. మంచి బ్యాచ్‌ల నుంచి సున్నా, సున్నా తర్వాత మ్యానింగ్, ఆ సున్నాకు మూడేళ్లకు పన్నెండు. లిస్టే రిక్రూటింగ్‌ని నడిపించేదైతే ఈ వరస ఇలా రాదు.

డ్రాఫ్ట్ లిస్టు మూడేళ్ల కిందట పోస్ట్ చేసిన ఉత్తరం లాంటిది. ఇవాళ చేతికొచ్చింది కదా అని ఇవాళ్టి కబురు అనుకుంటాం. అది రాసిన కోచ్ ఈపాటికి వేరే ఊళ్లో ఉండొచ్చు.

రెండోది, చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువు. హైస్కూల్ ఆటగాళ్లకు స్టార్లు ఇచ్చే వెబ్‌సైట్ 247స్పోర్ట్స్ వాళ్లు ఏటా సుమారు 32 మందికే ఫైవ్ స్టార్ ఇస్తారు. ఎందుకు 32? డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 స్థానాలు కాబట్టి. అంటే స్టార్ అన్నదే ఒక డ్రాఫ్ట్ జోస్యం. ఆ జోస్యం దక్కినవాళ్లను పోగేసుకున్న కాలేజీ, కోచింగ్ వల్ల ఒరిగిందేమీ లేకపోయినా, నాలుగేళ్లకు పొడుగాటి లిస్టు చూపిస్తుంది. అలబామా 2011 నుంచి 2017 దాకా వరసగా ఏడేళ్లు నంబర్ వన్ బ్యాచ్ తెచ్చుకుంది. 2021లో ఒకే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆరుగురిని పంపి, 2004లో మయామి పెట్టిన రికార్డును సమం చేసింది. ఇందులో ఎంత భాగం కోచింగ్, ఎంత భాగం మొదటే వచ్చిన సరుకు అన్నది లిస్టు చూసి ఎవరూ విడదీయలేరు.

టెక్సస్ 2022 బ్యాచ్‌లో లైన్‌మెన్ సంగతి ఇంకా మంచి పాఠం. ఏడుగురు అఫెన్సివ్ లైన్‌మెన్ సంతకాలు చేశారు. అందులో కెల్విన్ బ్యాంక్స్ ముందు ఒరెగన్‌కి కమిట్ అయి ఉన్నాడు. అప్పటికి టెక్సస్ 2021 సీజన్‌ను 5-7తో (5 గెలుపులు, 7 ఓటములు) ముగించింది. కారణాలేమిటి? ఒకటి, లైన్ కోచ్ కైల్ ఫ్లడ్. అలబామాలో ఆయన చేతికింద ఆడిన జెడ్రిక్ విల్స్ 2020లో 10వ స్థానంలో, అలెక్స్ లెదర్‌వుడ్ 2021లో 17వ స్థానంలో వెళ్లారు. టెక్సస్ లిస్టు ఖాళీ, ఆయన లిస్టు నిండుగా ఉంది. రెండు, బ్యాంక్స్ కమిట్ అయిన ఒరెగన్ హెడ్ కోచ్ మారియో క్రిస్టోబాల్ ఆ డిసెంబర్‌లోనే మయామి వెళ్లిపోయాడు. మూడు, అదే డిసెంబర్ 2021లో టెక్సస్ అభిమానుల సంస్థ ఒకటి స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి అఫెన్సివ్ లైన్‌మన్‌కీ ఏటా 50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఈ మూడూ కలిసొచ్చాయి. బ్యాంక్స్ 2025 డ్రాఫ్ట్‌లో 9వ స్థానంలో వెళ్లాడు. ఇప్పుడు టెక్సస్ లైన్ గదికి (ఆ పొజిషన్ ఆటగాళ్ల గుంపుకి) సొంత పోస్టర్ దొరికింది, కానీ ఆ మొదటి అడుగు పడింది పోస్టర్‌తో కాదు.

---

స్లాట్‌రిసీవర్

రెడ్‌షర్ట్ గారు చెప్పింది మొత్తం కాలేజీ లిస్టు గురించి. అక్కడ ఒప్పుకుంటాను. కానీ లిస్టును పొజిషన్ల వారీగా ముక్కలు చేస్తే కథ మారుతుంది. డిఫెన్సివ్ ట్యాకిల్ ఆడే కుర్రాడికి ఆ కాలేజీ నుంచి ముగ్గురు రన్నింగ్ బ్యాక్స్ వెళ్లారంటే ఏం లాభం? వాడు అడిగేది ఒక్కటే: నా గదిలో కూర్చున్నవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారు, వాళ్లకు నేర్పినాయన ఇంకా ఇక్కడే ఉన్నాడా?

ఒహాయో స్టేట్ రిసీవర్లు దీనికి నిండు ఉదాహరణ. బ్రయన్ హార్ట్‌లైన్ 2018లో రిసీవర్ల కోచ్ అయ్యాడు. 2022 డ్రాఫ్ట్‌లో గారెట్ విల్సన్ 10వ స్థానం, క్రిస్ ఒలావె 11. 2023లో జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా 20. 2024లో మార్విన్ హ్యారిసన్ జూనియర్ 4. 2025లో ఎమెకా ఎగ్బుకా 19. నాలుగు డ్రాఫ్ట్‌లు, ఐదుగురు, అందరూ మొదటి రౌండే. ఫ్లోరిడాలో చదివిన జెరెమయా స్మిత్, 2024 బ్యాచ్‌లో దేశంలోనే నంబర్ వన్ ఆటగాడు, సొంత రాష్ట్రంలో పెద్ద పెద్ద కాలేజీలను వదిలి ఒహాయో చలికి వచ్చాడంటే ఈ వరసకు అందులో వాటా లేదనడం కష్టం.

అయితే ఇదే గదిలో ఇంకో లెక్క ఉంది, పోస్టర్ మీద కనిపించదు. 2020 బ్యాచ్‌లో ఒహాయో స్టేట్ నలుగురు రిసీవర్లను తీసుకుంది, నలుగురూ పేరున్నవాళ్లే. మొదటి రౌండ్‌కి చేరింది స్మిత్-ఎన్‌జిగ్బా ఒక్కడు. ఆ బ్యాచ్‌లో రిసీవర్లందరిలో నంబర్ వన్ అనిపించుకున్న జూలియన్ ఫ్లెమింగ్ చివరి ఏడు పెన్ స్టేట్‌కి వెళ్లాడు. ఒకరు టైట్ ఎండ్‌గా మారారు. ఒకరు ఏడాదికే మిజోరీ వెళ్లారు.

అంతకన్నా చమత్కారం: 2022లో 10వ పేరు విల్సన్, 11వ పేరు ఒలావె, 12వ పేరు జేమ్సన్ విలియమ్స్. ముగ్గురూ 2020లో ఒకే గదిలో కూర్చున్నవాళ్లు. చోటు చాలక విలియమ్స్ 2021లో అలబామాకు వెళ్లాడు, కాబట్టి డ్రాఫ్ట్ పుస్తకంలో అతను అలబామా ఖాతా. లిస్టు కుర్రాళ్లను రప్పిస్తుంది, వచ్చినవాళ్లు ఎక్కువైతే అదే లిస్టు వాళ్లను బయటికి నెడుతుంది.

కోచ్ వెళ్లిపోతే లిస్టు ఎవరిది అన్నదానికి ఓక్లహోమా చూడండి. క్వార్టర్‌బ్యాక్స్ బేకర్ మేఫీల్డ్ 2018లో నంబర్ వన్, కైలర్ మరే 2019లో నంబర్ వన్, జేలెన్ హర్ట్స్ 2020లో రెండో రౌండ్. ముగ్గురూ వేరే కాలేజీల నుంచి వచ్చి చేరినవాళ్లే, అది మరో సంగతి. 2021 నవంబర్‌లో లింకన్ రైలీ సదరన్ క్యాలిఫోర్నియాకు మారగానే, కేలబ్ విలియమ్స్ ఆయన వెంటే వెళ్లి 2024లో నంబర్ వన్ అయ్యాడు. ఓక్లహోమాకి కమిట్ అయి ఉన్న హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్ మలకై నెల్సన్ కూడా ఆ వారంలోనే అటు తిరిగాడు. గోడ మీద ఫొటోలు ఓక్లహోమాలోనే ఉన్నాయి, వాటి బలం మాత్రం రైలీ సంచీలో పడి వెళ్లిపోయింది.

---

మూడోడౌన్

ఇద్దరికీ థాంక్స్ అండి. మరి అయోవా? అక్కడ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచీ కదల్లేదు. లైన్‌మెన్ లిస్టు ఉంది, టైట్ ఎండ్ల లిస్టు ఉంది. మీ లెక్క ప్రకారం ఫైవ్ స్టార్లు క్యూ కట్టాలి కదా?

---

ట్రెంచ్66

అయోవా లిస్టు చెప్పేది వేరే సంగతి, అందుకే వేరే కుర్రాళ్లకు వినిపిస్తుంది.

2019లో టి.జె. హాకెన్‌సన్ 8, నోవా ఫ్యాంట్ 20. ఒకే కాలేజీ నుంచి ఇద్దరు టైట్ ఎండ్లు ఒకే మొదటి రౌండ్‌లో వెళ్లడం అదే మొదటిసారి. 2017లో జార్జ్ కిటిల్ ఐదో రౌండ్, 2023లో శామ్ లపోర్టా రెండో రౌండ్. లైన్‌లో బ్రాండన్ షెర్ఫ్ 2015లో 5, ట్రిస్టన్ వర్ఫ్స్ 2020లో 13, టైలర్ లిండర్‌బామ్ 2022లో 25. అదే 2022లో, డిసెంబర్ సంతకాల వేళకి, అయోవా రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన ఫైవ్ స్టార్ ట్యాకిల్ కేడిన్ ప్రాక్టర్, అప్పటిదాకా అయోవాకే కమిట్ అయి ఉండి, అలబామాకు సంతకం చేశాడు.

కారణం కష్టమైనదేం కాదు. అయోవా లిస్టు "త్రీ స్టార్‌గా రా, నాలుగైదేళ్లు ఓపిక పట్టు, నిన్ను మొదటి రౌండ్‌కి తయారుచేస్తాం" అంటుంది. అలబామా లిస్టు "నువ్వు ఇప్పటికే తయారు, మూడేళ్లు ఇక్కడ పెద్ద జట్ల మీద ఆడి వెళ్లిపో" అంటుంది. ఫైవ్ స్టార్‌కి తాను తయారవుతానన్న అనుమానం లేదు. వాడికి కావాల్సింది ఎదురుగా నిలబడే ప్రత్యర్థి స్థాయి, ట్రోఫీలు, డబ్బు. ఓపిక పట్టించే కాలేజీ అన్న మాట వాడి చెవికి పొగడ్తలా వినపడదు.

త్రీ స్టార్ ఇంట్లో ఇదే లిస్టు బంగారం. ముఖ్యంగా 6 అడుగుల 5 అంగుళాలుండి 240 పౌండ్ల దగ్గర ఆగిపోయిన కుర్రాడికి. వాడు టైట్ ఎండా, ట్యాకిలా అని వాడికే తెలియదు. వాడికి అయోవా, విస్కాన్సిన్ లాంటి చోట్ల చూపించేది పేర్లు కాదు, తూకం పట్టీ: చేరినప్పుడు ఎంత, రెండో వసంతానికి ఎంత, వెళ్లేటప్పుడు ఎంత.

---

హ్యాష్‌మార్క్

"ఎన్‌ఎఫ్‌ఎల్ యూనివర్సిటీ మేమే" అని కనీసం పది కాలేజీలు చెప్పుకుంటాయి. ఒకరు మొదటి రౌండ్ లెక్కిస్తారు, ఒకరు పదేళ్ల మొత్తం, ఒకరు సెప్టెంబర్ మొదటివారం రోస్టర్లు (జట్టు జాబితాలు), ఒకరు సంపాదించిన డాలర్లు. ఎవరికి ఏ గీత మీద తాము పైన కనిపిస్తారో ఆ గీతే గీస్తారు.

---

డెప్త్‌చార్ట్

హ్యాష్‌మార్క్ గారు నవ్వుతూ అన్నా అసలు చిక్కు అదే. పోస్టర్లు పక్కన పెట్టి ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, చూడాలనుకున్న కాలేజీకి, ఒకే పొజిషన్‌కి, ఇలా నింపండి.

ఒక్కో వరస ఒక్కో కుర్రాడు. డ్రాఫ్టయినవాళ్లతో మొదలుపెట్టకూడదు, సంతకం చేసినవాళ్లతో మొదలుపెట్టాలి. అందరూ చేసే తప్పు ఇక్కడే. పైన లవం ఒక్కటే చూసి కింద హారం మర్చిపోతారు. సంతకం చేసిన ఏడు, స్టార్లు, అప్పటి ఎత్తు, బరువు, అప్పటి పొజిషన్ కోచ్ పేరు, మొదటిసారి స్టార్ట్ చేసింది ఎన్నో ఏట, కాలేజీ మారాడా, మారితే ఏ ఏడు, డ్రాఫ్ట్ ఏడు, రౌండ్, స్థానం. ఇంత చాలు.

ఎన్నేళ్లు వెనక్కి? కనీసం ఆరు బ్యాచ్‌లు తీసుకోండి, కానీ చివరి నాలుగు బ్యాచ్‌లను వదిలేయండి. వాళ్లలో సగం మందికి ఇంకా డ్రాఫ్ట్ సమయమే రాలేదు. కోవిడ్ వల్ల 2020 సీజన్ ఎవరి అర్హతలోనూ లెక్కకు రాలేదు కాబట్టి ఆ చుట్టుపక్కల బ్యాచ్‌లలో ఆరో ఏడు ఆడినవాళ్లు కూడా ఉంటారు, కంగారు పడకండి.

తర్వాత అంచనా సంఖ్య. మోటు లెక్కలో ఫైవ్ స్టార్లలో సగం మంది, ఫోర్ స్టార్లలో ఐదుగురిలో ఒకరు, త్రీ స్టార్లలో ఇరవైమందికి ఒకరు డ్రాఫ్టవుతారు అనుకోండి. ఇప్పుడు రెండు ఊహా కాలేజీలు:

మొదటిది ఐదేళ్లలో 10 ఫైవ్ స్టార్లు, 60 ఫోర్ స్టార్లు, 30 త్రీ స్టార్లను తీసుకుంది. అంచనా 5 + 12 + 1.5, అంటే 18.5. నిజంగా వెళ్లింది 17 మంది. పోస్టర్ మీద 17 చూస్తే కళ్లు చెదురుతాయి. లెక్క మీద మాత్రం వచ్చిన సరుకు వచ్చినట్టే బయటికి వెళ్లింది, కాస్త తరుగు కూడా.

రెండోది ఫైవ్ స్టార్ ఒక్కరూ లేరు, 15 ఫోర్ స్టార్లు, 95 త్రీ స్టార్లు. అంచనా 3 + 4.75, అంటే 7.75. వెళ్లింది 14 మంది. దాదాపు రెట్టింపు. పోస్టర్ మీద ఇది 17 కన్నా చిన్న అంకె. తయారీ ఎక్కడ జరుగుతోందంటే ఇక్కడే.

ఇక మారినవాళ్ల దగ్గర జాగ్రత్త. డ్రాఫ్ట్ పుస్తకంలో చివరి కాలేజీ పేరే ఉంటుంది. క్యామ్ వార్డ్ 2025లో నంబర్ వన్, పుస్తకంలో మయామి. ఆడింది ఇన్‌కార్నేట్ వర్డ్‌లో రెండేళ్లు, వాషింగ్టన్ స్టేట్‌లో రెండేళ్లు, మయామిలో ఒక్క ఏడు. అదే డ్రాఫ్ట్‌లో 16వ పేరు వాల్టర్ నోలెన్, 17వ పేరు షెమార్ స్టూవర్ట్. ఇద్దరూ 2022లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ బ్యాచ్‌లో కలిసి సంతకం చేసినవాళ్లే. నోలెన్ మధ్యలో ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీ) మారాడు కాబట్టి పక్కపక్క స్థానాలు రెండు ఖాతాల్లో పడ్డాయి. నేనైతే సీజన్లను పంచుతాను: వార్డ్‌ని ఐదు భాగాలు చేసి మయామికి ఒకటి. పూర్తి న్యాయం కాదు, ఎందుకంటే చివరి ఏడు బరువు ఎక్కువ. కానీ మొత్తం ఒకరికే రాయడం కన్నా మేలు.

చివరి గడి: పొజిషన్ కోచ్ ఇప్పుడు ఎక్కడున్నాడు. వెళ్లిపోయి ఉంటే ఆ వరసల రంగు మార్చండి. రంగు మారని వరసలు ఎన్ని మిగిలాయో అదే ఇవాళ కుర్రాడికి చూపించదగ్గ లిస్టు.

---

రెడ్‌షర్ట్

డెప్త్‌చార్ట్ గారి మోటు లెక్కకు ఒక సవరణ. క్వార్టర్‌బ్యాక్స్‌ని అందులో కలపకండి. అక్కడ ఆడేది ఒక్కడే, కాబట్టి మంచి గది ఎంత మంచిదైనా కొందరు బయటికి పోక తప్పదు. జో బరో ఒహాయో స్టేట్ నుంచి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) వెళ్లి 2020లో నంబర్ వన్ అయ్యాడు. ఒహాయో లిస్టులో అతను లేకపోవడం అక్కడి కోచింగ్ లోపం కాదు.

ఎక్కువమంది వెళ్తే ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. ఎల్‌ఎస్‌యూ 2019లో 15-0, 2020 డ్రాఫ్ట్‌లో 14 మంది, మొదటి రౌండ్‌లో ఐదుగురు. పాసింగ్ ఆట నడిపిన జో బ్రేడీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా బేలర్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లారు. తర్వాతి సీజన్ 5-5. ఫ్లోరిడా స్టేట్ 2023లో 13-1, 2024 డ్రాఫ్ట్‌లో 10 మంది, ఆ శరదృతువులో 2-10. జార్జియా 2022 డ్రాఫ్ట్‌లో 15 మందిని పంపింది, ఏడు రౌండ్ల కాలంలో అదే రికార్డు, మొదటి రౌండ్‌లో ఐదుగురూ డిఫెన్స్‌వాళ్లే. ఆ తర్వాతి సీజన్ 15-0.

తేడా ఎక్కడంటే, జార్జియాలో వెళ్లినవాడి వెనక అదే పొజిషన్‌లో రెండేళ్లుగా రెండో వరసలో ఆడుతున్నవాడున్నాడు. ఫ్లోరిడా స్టేట్‌లో వెళ్లిన పెద్ద పేర్లలో చాలామంది పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) నుంచి వచ్చినవాళ్లే: జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి, బ్రేడెన్ ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి. ఏడాదికో రెండేళ్లకో వచ్చి వెళ్లేవాడి వెనక వారసుడు తయారవడు. మళ్లీ పోర్టల్‌లోనే వెతుక్కోవాలి. ఆ ఏడు వెతుకులాట కుదరకపోతే అంతే.

అయితే పోర్టల్ ఆటగాళ్ల మీద డ్రాఫ్ట్ లిస్టు పనిచేసినంతగా హైస్కూల్ కుర్రాళ్ల మీద పనిచేయదని నా అభిప్రాయం. జెర్మెయిన్ జాన్సన్ 2021లో జార్జియా నుంచి ఫ్లోరిడా స్టేట్‌కి వచ్చి ఒక్క ఏడాదిలో మొదటి రౌండ్ స్థాయికి చేరాడు, 26వ స్థానం. ఆ చలికాలమే వర్స్ అదే పొజిషన్‌కి వచ్చాడు, 2024లో 19వ స్థానం. ఒకటి రెండు సీజన్లే మిగిలినవాడికి ఊరు, క్యాంపస్, పాత స్నేహాలు అక్కర్లేదు. తనలాంటివాడు ఇక్కడికి వచ్చి ఎన్ని స్నాప్‌లు (ఒక్కో ఆట) ఆడాడు, ఏ రౌండ్‌లో వెళ్లాడు, అంతే.

---

మూడోడౌన్

రెండు చిన్న ప్రశ్నలు. ఒకటి, కాలేజీలే ఇప్పుడు నేరుగా డబ్బు ఇస్తున్నాక ఈ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆశ బరువు తగ్గిందా? రెండు, చిన్న కాలేజీ అయితే ఐదేళ్లకోసారి ఒక్కడు వెళ్తాడు. ఆ ఒక్కడితో ఏం చేయాలి?

---

స్లాట్‌రిసీవర్

మొదటిదానికి: పై అంచున తగ్గలేదు, మధ్యలో తగ్గింది. 2021 జూలై 1 నుంచి ఎన్‌ఐఎల్ (తన పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ఆటగాడు డబ్బు సంపాదించుకోవచ్చు), 2025 జూలై 1 నుంచి కాలేజీ తానే అన్ని క్రీడలకూ కలిపి ఆటగాళ్లకు పంచొచ్చు, మొదటి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల దాకా. పెద్ద కాలేజీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌దే. ఆరో ఏడో రౌండ్‌లో వెళ్లేవాడికి 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ కనీస జీతం 8,40,000 డాలర్లు, అదీ జట్టులో నిలిస్తేనే, గ్యారంటీ లేదు. మంచి కాలేజీలో స్టార్టర్‌కి దానికి దగ్గరగానో పైనో వస్తుంటే ఇంకో ఏడు ఆగుతాడు. అందుకే అర్హత మిగిలి ఉండగానే డ్రాఫ్ట్‌కి పేరిచ్చేవాళ్లు 2021లో వందకు పైన ఉంటే 2024 నాటికి 60 లోపుకి పడిపోయారు. ఎన్‌ఎఫ్‌ఎల్ సలహా కమిటీ మొదటి రౌండ్ లేదా రెండో రౌండ్ అని చెప్తే వెళ్తారు, "కాలేజీలోనే ఉండు" అంటే ఇదివరకటిలా మొండికి పోవడం తగ్గింది.

దీని వల్ల హైస్కూల్ బ్యాచ్‌కి ఒక చిక్కు. నాలుగో ఏటివాడు ఐదో ఏటికీ ఆగితే కొత్తవాడికి చోటు ఏడాది ఆలస్యం. ఇప్పుడు రోస్టర్‌కి 105 మంది పరిమితి కూడా ఉంది. కాబట్టి ఈ రోజుల్లో తల్లిదండ్రులు అడగాల్సింది ఎంతమంది వెళ్లారని కాదు, ఈ జనవరిలో ఎంతమంది ఆగిపోయారని.

---

ట్రెంచ్66

రెండోదానికి. ఒక్కడే ఉంటే ఒక్కడినే చూపించాలి, కానీ సరైనవాడికి చూపించాలి.

నార్త్ డకోటా స్టేట్ ఎఫ్‌సీఎస్ (పెద్ద కాలేజీల కింది అంచె) స్థాయిలో ఉండగా, పూర్తి స్కాలర్‌షిప్‌లు 63కే పరిమితమైన రోజుల్లో ఏం చేసిందో చూడండి. 2016లో కార్సన్ వెంట్జ్ 2వ స్థానం, 2021లో ట్రే లాన్స్ 3వ స్థానం. బయట అందరూ చెప్పేది ఈ క్వార్టర్‌బ్యాక్స్ గురించే. నాకైతే అసలు గొలుసు లైన్‌లో కనిపిస్తుంది: 2021లో డిలన్ రాడన్జ్ రెండో రౌండ్, 2023లో కోడీ మాక్ రెండో రౌండ్, 2025లో గ్రే జేబెల్ 18వ స్థానం. మాక్ స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా, 220 పౌండ్ల దగ్గర టైట్ ఎండ్‌గా చేరి 300 దాటి లైన్‌మన్‌గా వెళ్లాడు. డకోటా, మినెసోటా పల్లెల్లో పొడుగ్గా బక్కగా ఉన్న పదహారేళ్లవాడికి వెంట్జ్ కథ అందదు, మాక్ కథ అందుతుంది.

చేయాల్సినవి: ఒకే పేజీ. ఆ ఆటగాడి హైస్కూల్ ఫొటో, చివరి ఏటి ఫొటో పక్కపక్కన. ప్రతి ఆర్నెల్లకూ బరువు. మొదటి స్టార్ట్ తేదీ. పెద్ద జట్టు మీద ఆడిన ఒకటి రెండు మ్యాచ్‌ల వీడియో, ఎందుకంటే స్కౌట్లు ముందు అడిగేవి అవే. ఆ శరదృతువులో ఎన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల స్కౌట్లు ప్రాక్టీస్‌కి వచ్చారో సంఖ్య. కాలేజీ చిన్నది కాబట్టి ఎవరూ చూడరేమో అన్నదే తల్లిదండ్రుల మొదటి భయం, దానికి జవాబు ఈ సంఖ్యే.

సమయం కూడా చూసుకోవాలి. డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర. పదకొండో తరగతి కుర్రాళ్ల అఫీషియల్ విజిట్‌లు ఏప్రిల్ 1 నుంచి మొదలై జూన్‌లో జోరందుకుంటాయి. సంతకాలు డిసెంబర్ మొదట్లో. అంటే డ్రాఫ్ట్ వార్త వేడి ఆరకుండా చేతిలో ఉండేది ఆరేడు వారాలే. ఆగస్టులో పోస్టర్ వేస్తే అప్పటికే సగం మంది కమిట్ అయిపోయి ఉంటారు.

తప్పు జరిగేది ఒకేచోట. ఆ ఒక్కడు ఎలాంటివాడో చూడకుండా అందరికీ అదే చెప్పడం. మొదటి రౌండ్‌కి వెళ్లింది ఒక కార్నర్‌బ్యాక్ అయితే దాన్ని లైన్‌మన్ ఇంట్లో చెప్తే ఆ తండ్రి మర్యాదకు తల ఊపుతాడు, సాయంత్రానికి మర్చిపోతాడు. ఇంకోటి, చిన్నచోట ఎదిగినవాడు మూడో ఏడు అవగానే పోర్టల్ తలుపు తడతాడు. క్విన్యాన్ మిచెల్ టొలీడోలోనే ఆగి 2024లో 22వ స్థానంలో వెళ్లాడు. అలా ఆగినవాడు దొరికితే ఆ ఫొటోకి హైస్కూల్ కుర్రాళ్లకన్నా ముందు సొంత రెండో ఏటి ఆటగాళ్ల ఎదుట పని ఉంటుంది.

---

మూడోడౌన్

షీట్ మొదలుపెట్టాను. డెప్త్‌చార్ట్ గారూ, డ్రాఫ్ట్‌లో పిలవకపోయినా తర్వాత జట్లతో సంతకం చేసినవాళ్లు ఉంటారు కదా, వాళ్లను కూడా కలపాలా?

---

డెప్త్‌చార్ట్

వేరే గడిలో రాయండి. వేసవి శిబిరానికి ఒక్కో జట్టు 90 మందిని పెట్టుకుంటుంది కాబట్టి సంతకం అన్నదానికి పెద్ద విలువ లేదు, చాలా పోస్టర్లు దాన్నే "ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లారు" అని రాస్తాయి. సెప్టెంబర్ మొదటి వారంలో 53 మంది జాబితాలో పేరుంటేనే ఒకటి వేయండి, ప్రాక్టీస్ స్క్వాడ్ అయితే అర. రెండో సీజన్‌లోనూ 53లో ఉంటే ఆ గడికి గుర్తు పెట్టండి, త్రీ స్టార్ల వరసల్లో ఆ గుర్తులు ఎన్ని పడ్డాయో ముందు చూడండి.